రాజలింగం ఇమానమెక్కి శాపలకు వోయిన దినం

రాజలింగం మనిషి మామూలే గని ఆయన కోతలు మామూలుయి కావు. బొంబాయి కామాటిపుర ఏడో గల్లిల నా చాయ్ దుకాణం ముంగటి బల్ల మీద ఆయన కూసోని నోరు తెరిస్తే, చాయ్ సల్లారిపోయినా ఎవ్వడు లేవడు. బేరం పోతుందని నేను తిట్టుకుంటనే ఇంటుంటి. నా పేరు నారాయణ. గల్లిల కలర్ టీవీలు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి, అయినా మా దుకాణం కాడ జనం తగ్గలేదంటే ఈయన పుణ్యమే.

గని ఆ ఆయితారం సంగతి వేరే. రాజలింగం పెద్ద మేస్త్రీ. నాగ్‌పాడా అవుతల కట్టే బిల్డింగు కాడ, నెల కింద ఒక సోమారం నాలుగో అంతస్తు పరంజ మీదికెళ్లి పడి కాలు ఇరిగింది. పనిల పడ్డోనికి గేటు కాడ వాచ్‌మన్ పని, కూసునే పని, ఇస్తనని బిల్డింగు సేటు ఎప్పటినుంచో అంటనే ఉన్నడు. కుంటికాలుతోని రాజలింగానికి ఇగ ఆ పని తప్ప ఇంకో బతుకు లేదు. గంతట్ల కూలోళ్ల మీద పెద్ద, రాజలింగానికి వరసకు బావ, ముకద్దం బాలనర్సయ్య, సేటు కాడికి వోయి, "రాజలింగం ఆ సోమారం పనికే రాలే, యాడనో తాగి పడ్డడు" అని చెప్పొచ్చిండు. ఎందుకంటే ఆ పరంజ కట్టించింది బాలనర్సయ్యే, తాళ్లు పాతయి, మనిషి వడ్డడని తెలిస్తే ఆయన కొలువు ఊడ్తది. కడమ కూలోళ్లు ఆయన ఇచ్చే పని మీద బతికేటోళ్లు. ఒక్కడు నోరు తెరువలే.

బాలనర్సయ్య కూలోళ్లతోని బల్ల ఆ చివర్న కూసోని చాయ్ తాగుతుండు. రాజలింగం చంకకర్ర టకటక కొట్టుకుంట వచ్చి, ఈ చివర్న కూసున్నడు.

"ఓ నారాయణ! మా బావకు ఇంకో చాయ్ పొయ్యి, మలాయి ఎక్కువెయ్యి. మా బావ ఉత్తముడు, అబద్ధం ఆడడు. ఆ సోమారం నేను పనికి రాలేదని చెప్పిండు. కరెక్టే! రాలే! మరి యాడికి వోయిన్నో ఒక్కడన్న అడిగిన్రా?"

ముంగటి చాల్ ఇండ్ల మెట్ల మీద బియ్యం ఏరుతున్న తారాబాయి తలెత్తింది. "యాడికి వోయినవు రాజన్నా?"

"శాపలకు వోయిన."

"గంతేనా?"

"గంతే అంటవేంది తారక్కా, ఇను ముందు. దానికి ముంగటి ఆయితారం వర్లీ సముద్రం ఒడ్డుకు బండల మీద కూసోని, ఒళంబ ఉంటది గద, గోడ సక్కగున్నదా వంకరున్నదా సూసే గుండు దారం, గది నీళ్లల్ల ఇడిసి శాపను వట్టిన. ఎంతది? అరచేయంత. ఎక్కువ చెప్ప, నాకేం అవసరం? అరచేయంతనే. గని ఎనుక ఒక పార్సీ దొర నిలవడి సూస్తుండు. 'మిస్త్రీ, గాలం లేకుంట గుండుతోని శాపను వట్టినోణ్ని నా జిందగీల సూడలే' అన్నడు. ఆ దొరకు సొంత ఇమానం ఉన్నది. జుహూ కాడ సముద్రంల కట్టేసి పెడ్తడు, మనం బర్రెను కట్టేసినట్టు. దానికి చక్రాలుండయి, చక్రాల జాగల రెండు పడవలుంటయి. నీళ్ల మీదనే దిగుతది, నీళ్ల మీదికెళ్లే లేస్తది. కాశ్మీరు అవుతల మంచుగుట్టల నడుమ శెరువులున్నయంట, ఊరు లేదు, రోడ్డు లేదు, ఇమానంల దిగుడు తప్ప ఇంకో తొవ్వే లేదు, పెద్ద పెద్ద దొరలు శాపలు వట్టనీకె గాడికి వోతరంట. 'నువ్వు గూడ రా మిస్త్రీ, సోమారం పొద్దుగాల' అన్నడు. సోమారం! యాదుంచుకోండ్రి. బావా, నువ్వు గూడ యాదుంచుకో."

బాలనర్సయ్య మూతి పక్కకు తిప్పుకొని నవ్విండు. పాలమూరు దిక్కెళ్లి పనికి కొత్తగ వచ్చిన మొగులయ్య మాత్రం నోరు తెరిచిండు.

"ఇమానమెక్కినవా కాకా? భయం గాలే?"

"భయమా! పొద్దున లేస్తే బొంగుల మీద నడిచేటోనికి ఇమానం ఏం భయంరా? ఇమానంల కూసోనీకె కుర్సీ ఇస్తరు. పరంజ మీద ఎవ్వడన్న కుర్సీ ఏసిండా మనకు? తాడు సక్కగ కట్టిన్రో లేదో అదే దిక్కు లేదు. సరే, అది మనకెందుకు, ఆ దినం నేను పరంజ ఎక్కనే లేదాయె! ఇమానమెక్కిన. నాసిక్ దాటినమో లేదో, ఒక గద్ద వచ్చి తాకి రెక్కకు బొక్క వడ్డది. దొర మొఖం సున్నం గొట్టినట్టయింది, దేవున్ని మొక్కుతుండు. నేను గోడకు సిమెంటు గిలాబు రుద్దే గుర్మాల చెక్క ఎప్పుడన్న ఇడిసిపెట్టి తిరుగుతనా? సంచిల ఇంత సిమెంటు గూడ ఉన్నది. తలుపు తీసి రెక్క మీదికి వోయి కూసున్న. కూసున్న గని నీళ్లేవి? పక్కపొంటి ఒక మేఘం పోతుంటే దొరకవట్టుకొని, తువ్వాల పిండినట్టు పిండిన. సిమెంటు మాల్ కలిపిన, బొక్కల ఏసిన, నున్నగ రుద్దిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర సంబురపడి ఇమానాన్ని ఎండలకు తిప్పిండు. 'ఓ దొరా, ఆగు! కొత్త సిమెంటు, నీళ్లు వట్టకుంటె బీటలువాస్తది, మేఘాల్లకెళ్లే నడుపు' అని ఒర్రిన. గందుకే నేను ఢిల్లీ సూడలే. మేఘాల్లనే వోయినం."

"మరి ఇసుక?" అని నేనడిగిన. ఆయన్ను దొరకవట్టాలని నాకు మస్తు షౌకు.

"ఇసుకనా? రాజస్థాన్ మీదికెళ్లే గద పొయ్యేది. గాలికి అదే వచ్చింది. జల్లెడ వట్టే పని గూడ తప్పింది."

అందరు నవ్విన్రు. తారాబాయి "అరే బాప్‌రే" అని చేట పక్కకు పెట్టింది.

"ఇగ శెరువు సూడాలె! నీళ్లంటె అవి నీళ్లు. మన నల్ల కాడ తెల్లారకముందే బిందెలతోని కొట్లాడుకుంటం, గాడ ఒక్క మనిషి లేడు, ఒక్క బిందె లేదు. సలి ఎట్లున్నదంటె, బీడీ ముట్టిస్తే పొగ గడ్డకట్టింది. ఇరగ్గొట్టి జేబుల ఏసుకున్న, మాపటికి మల్ల తాగిన. దొర డబ్బా ఇప్పిండు. దాంట్ల ఈకలతోని జేసిన పురుగు బొమ్మలు, విలాయతివి. ఏస్తుండు, తీస్తుండు. శాపలు దగ్గరికొచ్చి మూతి తిప్పుకొని పోతున్నయి. నేను మా ఇంటామె పెంటమ్మ కట్టిచ్చిన సద్ది ఇప్పిన. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఒళంబ దారానికి రొట్టెముక్క కట్టి ఇడిసిన. ఆ ఘాటుకు శెరువు మొత్తం ఒక్కసారి తుమ్మింది! తుమ్మినంక ఇగ లైను కట్టినయి శాపలు. మొదలు ఒక పాప్లెట్ వచ్చింది, తలుపంత ఉన్నది..."

"కాకా," మొగులయ్య మెల్లగ అన్నడు, "నేను కృష్ణ ఒడ్డు మనిషిని. పాప్లెట్ ఉప్పునీళ్ల శాప గదనే? గుట్టల మీద శెరువుల ఎట్లుంటది?"

బాలనర్సయ్య తొడ కొట్టుకొని నవ్విండు. "దొరికిండు! ఇగ దొరికిండు!"

రాజలింగానికి కోపం నషాలానికెక్కింది. కర్ర ఎత్తి నేలకు కొట్టిండు. "ఏం దొరికిండు? ఓ మొగులయ్య, నువ్వు ఏ ఊరోనివి? మక్తల్ దిక్కు. మరి గీడ ఉప్పుగాలిల నువ్వెట్లున్నవు? మీ ఊర్ల పని లేక వచ్చినవు. మా తాత గూడ గట్లనే వచ్చిండు, ఈ బొంబాయిల సగం గోడలు మావోళ్లు లేపినయే. మనిషి పని కోసం ఊరు ఇడుస్తడు గని శాప ఇడువొద్దా? అది గూడ సముద్రంల బతుకు ఎల్లక గుట్టలకు వోయింది. నన్ను సూసి 'ఏ ఊరు మేస్త్రీ మనది' అని అడిగింది గూడ!"

మొగులయ్య నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక నాదిక్కు సూసిండు. నేను ఆయనకు అర గిలాస కటింగ్ చాయ్ ఊరికెనే ఇచ్చిన.

"గప్పుడొచ్చింది అసలుది. ఎంతదో తెలుసా? మన రెండంతస్తుల బస్సు లేదా, గంతది! నోరు తెరిస్తే లోపల ఎక్కనీకె ఒక తలుపు, దిగనీకె ఒక తలుపు. రొట్టె మింగింది, గుండు మింగింది, దారం వట్టి గుంజింది. దొర నా నడుము వట్టిండు, నేను దారం ఇడువలే. గోడలు కట్టే కామాటోడు వట్టుకున్న దారం ఇడుస్తడా? దారాన్ని ఇమానం తోకకు కట్టిన. 'లేపు దొరా!' అన్న. ఇమానం లేచింది, దానెంబడి శాప లేచింది, శాపతోని శెరువు సగం లేచింది! గుట్టల మీదికెళ్లి పోతుంటే శాప తోక తాకి కొండకొసలు కూలుతున్నయి. నేను ఇమానం మీదికెళ్లి దారం వట్టుకొని శాప నెత్తి మీదికి దిగిన, జర కదలకుంట పండుకోమని చెప్పనీకె. అది ఇన్నదా? ఇనలే. తోక తిప్పింది. ఫట్!"

ఆయన కాలి మీద చెయ్యి పెట్టుకున్నడు. గొంతు తగ్గింది.

"గీ కాలు ఇరిగింది. ఇది కోత గాదు, కాలు గీడనే ఉన్నది, సూసుకోండ్రి. కింద వడ్డ. దొర పాయె, ఇమానం పాయె. ఎంబడొచ్చినోళ్లంత ఒర్రుకుంట ఉరికిన్రు. నేనొక్కన్నే పండుకున్న. సచ్చిపోత అనుకున్న. గప్పుడు ఎలుగుబంటి వచ్చింది."

"ఎలుగుబంటా!" అన్నది తారాబాయి.

"పెద్దది. మీసాలున్నయి. నెత్తికి కట్టుకున్న ఎర్ర రుమాలు ఇప్పి నా కాలికి కట్టింది. నన్ను ఈపు మీద ఏసుకొని గుట్ట దిగింది. దిగి, నాగ్‌పాడా చౌరస్తా దాటి దవాఖానకు..."

"కాశ్మీరుల నాగ్‌పాడా యాడిదే?" అన్న నేను.

"ఎలుగుబంటికి దగ్గరి తొవ్వ ఎరుకే. నడుమ మాట్లాడకు. తొవ్వ పొడుగూత ఏడుస్తనే ఉన్నది అది. 'కండ్లు మూయకు రాజలింగం, నేనున్న, పెంటమ్మకు నేనేం మొఖం సూపియ్యాలె' అన్నది. దాని అంగి మొత్తం నా నెత్తురు."

ఎలుగుబంటికి అంగేందని ఎవ్వరడుగలే. నవ్వు గూడ బంద్ అయ్యింది. బాలనర్సయ్య నెత్తి మీద ఎన్నేండ్లనుంచో ఉండే ఎర్ర రుమాలు ఈ మధ్యల లేదని నాకు అప్పుడే తట్టింది. ఆయన చాయ్ గిలాస తిప్పుతుండు, తాగుతలేడు.

రాజలింగం ఆయన దిక్కు సూడకుంటనే మాట్లాడిండు. "కొంతమంది అంటరు, నన్ను మోసింది ఎవరో మనిషని. థూ! మనిషే మోసి ఉంటే, గా మనిషే మల్ల సేటు కాడికి వోయి నేను ఆడ లేనే లేనని చెప్తడా? పెండ్లాం పిల్లలున్న మనిషి గట్ల చెప్తడా? చెప్పడు. గందుకే అది మనిషి గాదు. ఎలుగుబంటే. ముసలి ఎలుగుబంటి. ఒళ్లంత వాసన. నడుస్తుంటే నడుమ రెండుసార్లు నన్ను కింద గూడ పడేసింది..."

"ఎప్పుడు పడేసినరా నేను!"

గిలాస బల్ల మీద ఠంగున మోగింది. బాలనర్సయ్య లేచి నిలవడ్డడు, మెడ నరాలు ఉబ్బినయి.

"ఎప్పుడు పడేసిన నిన్ను? ఒక్కసారన్న దించిన్నా? ఎలుగుబంటంట, వాసనంట! నేను మోసిన నిన్ను! నేను! పై కాడికెళ్లి ఇసుక కుప్ప మీద వడితివి, కూలోళ్లంత ఉరికిన్రు, నేనొక్కన్నే నిలవడ్డ. రుమాలు నాది. అంగి నాది, నెత్తురు పోక పారేసిన. నా పానం లెక్క మోసుకొని వోయిన, గా పుణ్యం గూడ గుడ్డెలుగు మీద ఏస్తున్నవు? ఇమానం లేదు, దొర లేడు, శాప లేదు, అబద్ధాలకోరు నా కొడకా! పరంజ ఇరిగింది, నువ్వు వడ్డవు, నేను మోసిన!"

పొయ్యి మీద పాలు పొంగి మంటల వడ్డయి. నేను దించలే.

"ఏ దినం, బాలనర్సన్నా?" అని అడిగిన.

"సోమా..." అని సగం మాటతోని ఆగిండు.

బల్ల మీద ఉన్నోళ్లంత ఆయన్నే సూస్తున్నరు. పని కోసం భయపడ్డ కూలోళ్లు గూడ, తల దించుకోకుంట సూస్తున్నరు. బాలనర్సయ్య మెల్లగ కూసున్నడు. రెండు చేతులతోని మొఖం రుద్దుకున్నడు.

"తాళ్లు మార్చమని సేటుకు ఎన్నిసార్లు చెప్పిన," అన్నడు. "ఆఖరికి నా మీదికే వస్తదని భయమైంది. కొలువు పోతదిరా రాజలింగం."

"పోతే పోనీ," అన్నడు రాజలింగం. ఇప్పుడు ఆయన గొంతుల కోత లేదు, కోపం గూడ లేదు. "పోదు. తాళ్ల సంగతి గూడ సేటు ముంగట చెప్పు, మేమందరం ఉన్నం. పోయిందే అనుకో, గేటు కాడ కుర్సీ పెద్దదే, సగం నీకిస్త. ఇను బావా. ఇమానం కోతనే, శాప కోతనే. నేను చెప్పినదాంట్ల ఎలుగుబంటి ఒక్కటే నిజం. గా నిజాన్ని నువ్వే అబద్ధం జేస్తివి. గది కాలు కన్న ఎక్కువ నొచ్చింది నాకు."

బాలనర్సయ్య చాయ్ గిలాస పక్కకు జరిపిండు. తర్వాత లేచి, రాజలింగం ముంగట ఈపు వంచి నిలవడ్డడు.

"ఎక్కు. సేటు ఇంట్లనే ఉంటడు ఇయ్యాల."

"నేను నడుస్త," అన్నడు రాజలింగం, చంకకర్ర సదురుకుంట. "ఈపు నొప్పి వెట్టుకోకు. గాడికి వోయినంక నీకు నోరు కావాలె."

ఇద్దరు గల్లి మొగదల దిక్కు కదిలిన్రు, వాళ్లెనుక ఒక్కొక్కరు కూలోళ్లు లేచిన్రు. తారాబాయి చేట మెట్ల మీదనే ఇడిసిపెట్టి తను గూడ ఎంబడి వడ్డది. మొగులయ్య ఉరికి అడిగిండు. పాపం, ఆయనకు ఇంక అనుమానం పోలే.

"కాకా! మరి గా బస్సంత శాప దొరికిందా, దొరకలేదా?"

రాజలింగం ఎనుకకు తిరుగలే. బాలనర్సయ్య భుజం మీద చెయ్యేసిండు.

"దొరికిందిరా! ఇగో, పక్కనే నడుస్తుంది."