షటిల్ ఎక్కిన జయరామ్

సాయంత్రం ఆరింటికి టీవీలో తిరుమల గరుడసేవ. వడమాలపేటలో మాత్రం మధ్యాహ్నం నుంచి బొమ్మే లేదు. కోతులు జ్ఞానాంబ టీకొట్టు మిద్దె మీది ఊరి కేబుల్ డిష్‌ను ఊపేసి పోయాయి. మోకాళ్ళు పట్టేసి కొండెక్కలేని అలివేలమ్మ అప్పటికే కొట్టులో టీవీ ముందు కూర్చుంది. డిష్ తిప్పాల్సింది కేబుల్ జయరామ్. నిచ్చెన రెండో మెట్టుకే అతనికి కళ్ళు తిరుగుతాయని బావమరిది గిరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడూ మిద్దెలెక్కే ఆ గిరేమో పుత్తూరులో పెళ్ళికి పోయి ఇంకా రాలేదు. గిరి బస్సు వచ్చేదాకా జనాన్ని మాటల్లో పెట్టక తప్పలేదు జయరామ్‌కి, పాపం.

"తప్పు డిష్‌ది కాదప్పా, పైన సాటిలైట్‌ది. దాన్ని షటిల్లో తీసకపోయినప్పుడు వైర్లు కలిపిచ్చింది నేనే."

"షటిలంటే?" అన్నాడు అలివేలమ్మ కొడుకు మునివెంకటప్ప.

"మనుషులెక్కే రాకెట్టు. అమెరికావోళ్ళు ఏడుమంది ఎక్కినారు, ఏ వైరు యాడిదో ఒక్కరికీ తెలీదు, నువ్వూ రా జయరామన్నా అని చెయ్యి పట్టుకునిరి, సరేలే అని నేనూ ఎక్కినా. పైకిపోయి డోరు తీస్తే సాటిలైట్ కదల్దే! ఆ తర్వాత ఏమైందో తెల్సునా? లుంగీ ఎగ్గట్టి బయటికి దూకినా, కాలితో ఒక్క తోపు తోసినా, అది పొయ్యి చందమామను గుద్దబోయింది, ఎనకాల్నే ఉరికి తోక పట్టి లాక్కొచ్చి టవల్‌తో కట్టేసినా!"

"ఊపిరాడిందా అబ్బా?" అన్నాడు మునివెంకటప్ప.

"బీడీ కూడా తాగినా! ఆన్నించి సూస్తే మన జ్ఞానాంబక్క బాణలి కనబడె, నూనె కాగకముందే బోండాలేస్తా ఉండాది, ఆగక్కా అని అరిసినా!"

జ్ఞానాంబ గరిటె పక్కన పెట్టింది. "అంతెత్తులో కళ్ళు తిరగలేదా నాయనా?"

"నాకా? ఎత్తంటే నాకు లెక్కే లేదక్కా!"

"అట్లయితే ఎక్కు" అని నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

ఇక తప్పించుకునే దారి లేదు. జయరామ్ ఒక మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీద నిచ్చెనను కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. "దించండప్పా, పడిపోతా!"

కొట్టంతా నవ్వులే నవ్వులు. మునివెంకటప్ప నడుం పట్టుకుని దించాడు. జ్ఞానాంబ కొంగు దోపుకుని చకచకా ఎక్కింది. కింద నుంచి జయరామ్ "ఎడమకు... ఇంకొంచెం... చాలక్కా!" అంటుండగానే బొమ్మ వచ్చేసింది. గరుడ వాహనం అప్పుడే కదులుతోంది. అలివేలమ్మ "గోవిందా!" అని చేతులు జోడించి ఏడ్చేసింది.

జయరామ్ బెంచీ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళు దాచిన భయం బయటపడింది, పరువు పోయింది, అయినా ప్రాణం హాయిగా ఉంది. ఇక జన్మలో అతన్ని ఎవరూ ఎక్కమనరు.

"నిజం చెప్పు జయరామా, షటిల్ ఎక్కింది ఎవురు?" అన్నాడు మునివెంకటప్ప.

"మా గిరి" అన్నాడు జయరామ్ టీ ఊదుకుంటూ. "నేను కింద నిచ్చెన పట్టుకోనుంటిని."