లార్డు గారి పటానికి దండ

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఐర్లండు సాహెబు విల్లా. హాల్లో పటానికి దండ వేసి పనివాడు నాగేందర్ మురిసిపోతుండగా డ్రైవర్ అర్షద్ లోపలికి వచ్చాడు.

"ఈ దండ ఎవరేసిన్రు?"

"నేనే, భాయ్. నువ్వే చెప్తివి గదా, సాహెబు ముత్తాత లార్డంట, లండన్ పార్లమెంటుల కూసున్నడంట, ఇద్దరు పెండ్లాలు, పదకొండు మంది పిల్లలంట. ఇయ్యాల సాహెబు నాయిన వస్తుండు. చూసి సంబరపడతడని వేసిన."

"ఆ లార్డు పటం మెట్ల కాడుంది! ఇది ఆ వచ్చేటాయనదే, ఇప్పటి లార్డుది. నాటకంల తన తాత లార్డు వేషం కట్టినప్పటి ఫోటో."

"బతికున్న మనిషికి దండేసిన్నా? నా నౌకరి పాయె! ఉండు, తీసేస్త."

"యాడ తీస్తవ్? వచ్చేసిన్రు."

తండ్రీకొడుకులు గుమ్మంలో ఆగారు. ముసలాయన దండ వంక చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. అర్షద్ నసుగుతూ జవాబిచ్చాడు. ముసలాయన పకపకా నవ్వాడు. కొడుకు ముఖం కందగడ్డయింది.

"ఏం చెప్పినవ్, భాయ్?"

"మా దిక్కు చచ్చినోళ్ళ ఫోటోకే దండేస్తరని నిజమే చెప్పిన. 'నేను పోతేనే లార్డు బిరుదు నీకొస్తదని ఇంత తొందరా?' అని కొడుకును అడుగుతున్నడు."

"మరి నన్నేమన్నడు?"

"దండ తియ్యొద్దన్నడు. కొడుకు మొఖం ఇంకొంచెం సేపు చూస్తడంట."