తుడిచేసిన 'వద్దు'

"ఖాతా మీ పేరున లేదు మేడమ్. మీ ఆయన్ని ఒకసారి ఫోన్ దగ్గరికి పిలవండి."

"ఆయన్ని పిలవగలిగితే నీకెందుకు ఫోన్ చేస్తాను నాయనా?"

ఏప్రిల్ నెల, గొర్రెలు ఈనే కాలం. ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో తన వంటింట్లో నిలబడి, హెస్టర్ బర్కెట్ ఇంటర్నెట్ కంపెనీ మనిషితో మాట్లాడుతోంది. కిటికీలోంచి గొర్రెల కొట్టం తలుపు కనిపిస్తోంది. భర్త జాస్ ఆ తలుపు వెనకే ఉన్నాడు.

"ఒకరి సంగతులు ఇంకొకరికి చెప్పకూడదండీ. కస్టమర్ గోప్యత. మా కంపెనీకి అది ప్రాణంతో సమానం."

"ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన బనియన్లు ఉతుకుతున్నాను. ఇంకేం గోప్యత మిగిలింది?"

"అయితే ఆయన పెట్టుకున్న రహస్య ప్రశ్నకి జవాబు చెప్పండి. మొదటి కుక్క పేరు?"

"గొర్రెలు కాసేవాణ్ణి పట్టుకుని కుక్క పేరడుగుతారా! పదకొండు కుక్కలయ్యా. మొదటిది నేను కాపురానికి రాకముందే పోయింది... ఆగు. రెండు గ్లాసులు పడితే దాన్నే తలుచుకుని ఏడుస్తాడు. గ్లెన్."

"సరిపోయింది. నా పేరు కెల్విన్. మన మాటలు రికార్డవుతాయి. ఇప్పుడు చెప్పండి."

"ఆ ప్రకటనలు ఆపు."

"ఏ ప్రకటనలు?"

"అవే. కంప్యూటర్ తెరిస్తే పక్కన వస్తాయే. సంతలో ధర ఎంత పలికిందో చూద్దామని తెరుస్తాడు, పక్కన అవి."

"అవి అంటే?"

"ఏవైతే నీకెందుకు? అన్నీ ఆపు."

"ఏవో తెలిస్తే కదా... ఉండండి, మీ లైను మీద పడ్డ విషయాల జాబితా వచ్చింది. ట్రాక్టర్ టైర్లు. గొర్రెల మందులు. వాన కబుర్లు. విగ్గులు. వీలునామా రాయడం ఎలా. రొమ్ము గడ్డ—"

"చాలు! చదవకు. అది నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"మీరు ఏ పేజీ చూస్తున్నారో మా దగ్గరో యంత్రం గమనిస్తుంది మేడమ్. దాన్నిబట్టి మీకు పనికొచ్చే ప్రకటనలు పంపిస్తుంది. జనవరి బిల్లుతో పాటు కాగితం కూడా వేశాం."

"ఆ కాగితంతో జాస్ పొయ్యి అంటించాడు. అంటించేముందు నేను చదివాను. అందులో చెప్పిన చోటికి పోయి 'వద్దు' అని నొక్కాను కూడా."

"నొక్కారు. జనవరి ఇరవై రెండు. ఉంది ఇక్కడ."

"మరి?"

"ఆ తర్వాత కంప్యూటర్లో ఏమైనా తుడిచారా?"

"తుడవకుండా ఎలా? లైబ్రరీలో మాలాంటి వాళ్ళకి కంప్యూటర్ నేర్పిన పిల్ల మొట్టమొదట చెప్పింది అదే. తిన్న కంచం కడిగినట్టు, చూసింది చూసినట్టు తుడిచెయ్యాలంది. రోజూ మధ్యాహ్నం చూస్తాను, తుడుస్తాను. మరక మిగల్చను."

"అక్కడే వచ్చింది చిక్కు. మీ 'వద్దు' కూడా ఆ కంప్యూటర్లోనే చిన్న చీటీలా ఉంటుంది మేడమ్. అంతా తుడిస్తే అదీ పోతుంది. అది కనబడకపోతే మా యంత్రం మీరు సరే అన్నారనుకుంటుంది."

"అంటే, దాచుకుందామని తుడిస్తే..."

"ప్రకటనలు మొదలవుతాయి."

"తుడవకపోతే?"

"మీరు చూసినవన్నీ కంప్యూటర్లో ఉండిపోతాయి. ఇంట్లో వాళ్ళెవరైనా చూడొచ్చు."

"బాగుందయ్యా. తలుపు వేస్తే కిటికీ తెరుచుకునే ఇల్లు కట్టారు."

"చాలామంది అదే అంటున్నారు మేడమ్."

"అది సరే, నేను వద్దన్న మర్నాడు చూసినవి కూడా నీ జాబితాలో ఉన్నాయే. అవెలా వచ్చాయి?"

"వద్దంటే... ప్రకటన చూపించం అని. గమనించం అని కాదు."

"ఏంటీ?"

"ఆ మాట రాసింది నేను కాదు మేడమ్."

"కంపెనీ మార్చేస్తాను."

"మీ కొండ పక్కకి ఇంకో కంపెనీ—"

"రాదు. తెలుసు. ఊరికే అన్నాను. అసలు లైనే పీకించేస్తే? వద్దులే, జాస్ ఎందుకంటాడు. ఏం చెప్పను?"

"నా మాట వినండి, మీ ఆయనకి చెప్పేస్తే ఏ గొడవా—"

"ఈ నెలలోనా! నాలుగొందల గొర్రెలు ఈనుతున్నాయి. చెప్పానా, కొట్టం వదిలేసి ఆసుపత్రిలో నా పక్కన కుర్చీ వేసుకుంటాడు. ఆ తర్వాత మంద అమ్మేస్తాడు. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు సగం అమ్మాడు, ఆయన సంగతి నాకు తెలీదూ?"

"తర్వాత మళ్ళీ కొనుక్కోవచ్చు కదండీ."

"పట్నం మాట మాట్లాడకు. మా కొండకి కంచె లేదు. తల్లి వెంట తిరిగి పిల్ల హద్దు నేర్చుకుంటుంది, దాని వెంట దాని పిల్ల. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. ఈ మంద పోతే, కొని తెచ్చినవి ఇక్కడ ఒక్క పూట నిలవవు. మే నెల సగానికి ఈతలైపోతాయి. అప్పుడు నేనే చెప్తాను. అప్పటిదాకా ఆ తెర మీద విగ్గులు రాకూడదు. నేనడిగేది అంతే."

"అయితే మీకు నిజంగానే..."

"ఎడమ వైపు. కోయాలన్నారు. ఈ నెలే రమ్మంటే నేనే వచ్చే నెలకి తోశాను. ఇంతవరకు ఒక్కరితో అనలేదు. అందరికంటే ముందు నీతో అన్నాను, చూడు."

"మేడమ్, ఇది రికార్డవుతోంది."

"అవనీ... ఉండుండు, వస్తున్నాడు. కాదు, గడ్డి కోసం. లోపలికి పోయాడు. తొందరగా చెప్పు, నేనేం చెయ్యాలి?"

"తుడిచిన ప్రతిసారీ మా పేజీకొచ్చి మళ్ళీ 'వద్దు' నొక్కాలి. అంతకంటే దారి లేదు. అయినా... ఇప్పుడే కిందికి జరిపి చూస్తున్నాను, మీరు రోజూ నొక్కుతూనే ఉన్నారుగా."

"నేనా? ఆ జనవరిలో ఒక్కసారే నొక్కాను."

"లేదే. ఫిబ్రవరి మూడు నుంచి ఒక్క రోజు తప్పకుండా ఉంది. ఇవాళ కూడా. పొద్దున ఐదుంపావుకి."

"నీ యంత్రానికి మతి పోయింది. ఐదుంపావుకి నేను మంచం దిగితేగా! ఈ మధ్య ఏడింటిదాకా పడుకుంటున్నాను. జాస్ లేపడమూ మానేశాడు."

"యంత్రం తప్పు కాదు మేడమ్. పొద్దున 'వద్దు' పడుతోంది. మధ్యాహ్నం మీరు తుడిచేస్తున్నారు. సాయంత్రానికి ప్రకటనలు వస్తున్నాయి. తెల్లారేసరికి మళ్ళీ 'వద్దు'."

"ఈ ఇంట్లో ఉండేది ఇద్దరమేనయ్యా. నేను నొక్కకపోతే ఇంకెవరు..."

"మిసెస్ బర్కెట్? ఉన్నారా?"

"ఉన్నాను."

"ఫిబ్రవరి మూడున ఈ నంబరు నుంచే ఇంకో ఫోన్ వచ్చింది. ఎలా నొక్కాలో మావాళ్ళు చెప్పినట్టున్నారు. కింద ఒక మాట రాసుంది... అయ్యో. ఇది మీకు చదివి వినిపించకూడదు."

"చదువు."

"నా ఉద్యోగం పోతుంది మేడమ్."

"నా రొమ్ము సంగతి చదివినప్పుడు పోలేదుగా. చదువు."

"ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు: 'మా ఆవిడ ఎప్పుడైనా ఫోన్ చేస్తే నేను చేశానని చెప్పకండి. తనంతట తను చెప్పేదాకా నాకేమీ తెలియదు.'"