తలుపు లేని దర్వాజ

ఒమాన్‌లోని దుక్మ్‌లో కంపెనీ క్యాంపు పక్కన దర్జీ దుకాణం. సైట్ నుంచి వచ్చిన కూలీని చూసి దర్జీ మిషన్ ఆపాడు.

“డ్యూటీ అయిపోయి వాళ్ల దేశం పోతున్న జర్మన్ సారుకు నేను కుట్టిన జెండా ఇచ్చిండ్రా అన్నా? వాళ్ల ఊరి జెండా చూసి ఖుషీ అయిండా?”

“కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. కని తమ్మీ, ఆ జెండా మీది కోటబొమ్మకు తలుపు ఎవలు పెట్టుమన్నరు నీకు?”

“మీరిచ్చిన ఫొటోల దర్వాజ ఉత్తగనే ఉండె. గీసేటోళ్లు మరిచిపోయిండ్రనుకున్న. మంచిగ తలుపు కుట్టి, గొళ్లెం గూడ పెట్టిన.”

“అది వాళ్ల ఊరి గుర్తు. ఎవలొచ్చినా లోపలికి రావాలని తలుపు లేకుంటనే గీసుకున్నరట.”

“అయ్యో! పగటెండల మీ కూలోళ్ల కోసం తన ఏసీ గది తలుపు తెరిచిపెట్టిన మనిషికి నేను గొళ్లెం కుట్టి ఇచ్చిన్నా! జెండా తీస్కరా అన్నా, ఇప్పుడే కుట్లు విప్పుత.”

“ఇంకెక్కడి జెండా? పొద్దుగాలనే విమానానికి మస్కట్ పోయిండు.”

“నన్ను తిట్టిండా?”

“ఒక్క మాట అనలే. మంచిగ మడతపెట్టి పెట్టెల పెట్టుకున్నడు. పోయేటప్పుడు మాత్రం, ఏసీ గది తలుపు మూసుకుపోకుండ ఇటుకపెళ్ల అడ్డం పెట్టిపోయిండు.”

“తిట్టినా బాగుండు అన్నా.”