తళతళలాడే గిన్నె

కిడ్నీలు చెడిపోయిన పిల్లి కిటికీ కింద పాత తువ్వాలు మీద పడుకుని ఉంది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి పరుగున వచ్చిన కోడలు చెప్పులైనా విప్పకుండా దాని గిన్నె చేతిలోకి తీసుకుంది.

"మామయ్యా, నిజంగా అంతా తినేసిందా?"

"ఫోన్‌లో చెప్పానుగా. సిరంజితో పని లేకుండా దానంతటదే తింది."

"మూడు రోజులుగా మూతి కూడా పెట్టనిది?"

"ఆకలేసి ఉంటుందమ్మా."

"పిల్లి నాకిన గిన్నె ఇలా తళతళలాడదు. సబ్బు వాసన వస్తోంది."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"పారబోశాను. అది తినేదాకా నేనూ తిననని నిన్నట్నుంచి భీష్మించుకు కూర్చున్నావు. మరి నన్నేం చెయ్యమంటావు?"

"తిందని డాక్టరుగారికి చెప్పేశాను మామయ్యా. అయితే ఇవాళ సెలైన్ అక్కర్లేదన్నారు."

కళ్లజోడు తుడిచే చెయ్యి ఆగిపోయింది.

"మళ్లీ ఫోన్ చెయ్యి. ముసలాడు అబద్ధమాడాడని చెప్పు. నన్ను తిట్టినా పర్లేదు."

ఆమె ఫోన్ చేసి, రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది.

"వెంటనే తీసుకురమ్మన్నారు. బుట్ట ఎక్కడుంది?"

"నేను తెస్తాగానీ, నువ్వు ముందు రెండు ముద్దలు తిను. దారిలో నీకు కళ్లు తిరిగితే దాన్నెవరు మోస్తారు?"

"మీరు తిన్నారా?"

"ఎప్పుడో తిన్నాను."

కోడలు వంటింట్లోకి వెళ్లి మూత తీసింది. పొద్దున తను వండి వెళ్లిన అన్నం చెక్కుచెదరలేదు. పక్కనే శుభ్రంగా కడిగిన మామగారి కంచం, పిల్లి గిన్నెలాగే తళతళలాడుతోంది.