అద్దం మీద తువ్వాలు

హైవే మీద పుల్లమ్మ చింత అని ఒక చెట్టుంది, మీ అందరికీ తెలుసు, మన ఊరి నుంచి ఒంగోలు వైపు పోతుంటే పొగాకు కాల్చే బ్యారన్లు దాటగానే ఎడమ పక్కన వస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వరసలో ఉన్న చెట్లన్నీ కొట్టేశారు గానీ దాని మీద గొడ్డలి వెయ్యడానికి కూలోళ్ళు ఒప్పుకోలేదు. రోహిణి ఎండల్లో కూడా దాని నీడన ఒక్క బండి ఆగదు, కాయ రాలితే ఏరుకునేవాళ్ళు ఉండరు. సరే, సర్దుకుని కూర్చోండి, గోడకి ఆనుకోవద్దు, సున్నం అంటుకుంటుంది. యామినీ, ఆ ఫోను పక్కన పెట్టమ్మా. ఇది నీ కోసమే చెప్తున్నాను. లైసెన్సు చేతికొచ్చి వారం కాలేదు, రేపు పొద్దున నువ్వే కారు నడుపుకుంటూ ఒంగోలు పోతానంటున్నావు కదా.

ఇంతకీ పుల్లమ్మ ఎవరు? చెప్పండి చూద్దాం. చూశారా, ఎవరికీ తెలీదు. దెయ్యం అంటే దెయ్యంగానే పుట్టిందనుకుంటారు. ఆమె దోసకాయలు అమ్ముకునే మనిషి, కాయ చీల్చి ఉప్పూ కారం చల్లి ఇచ్చేది, ఆ చెట్టు కిందే తట్ట పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు లారీ ఒకటి దోసకాయల కోసం ఆగింది, డ్రైవరు దిగలేదు, కిటికీలోంచే చెయ్యి చాపాడు, పుల్లమ్మ తట్టెత్తుకుని లారీ ముందు నుంచి అటు పోతోంది, ఇంతలో వెనకే అంటుకుని వస్తున్న బస్సు ఒకటి ఆగలేక లారీని గుద్దింది, లారీ నాలుగడుగులు ముందుకొచ్చింది. అంతే. ఆ నాలుగడుగుల్లోనే పుల్లమ్మ ఉంది. ఆ లారీ డ్రైవరు సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, నేను ఆపే ఉన్నాను, నేను కదల్లేదు అంటూనే ఉన్నాడంట. అతను చెప్పింది నిజమే, విన్నవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఏడాదికో ఏమో డ్రైవర్లు చెప్పుకోవడం మొదలైంది. చెట్టు దాటగానే అద్దంలో ఒక ఆడమనిషి కనపడుతుందనీ, బండి వెనకే అంటిపెట్టుకుని వస్తుందనీ, మనం ఎంత జోరు పెంచితే ఆమె అంత జోరుగా వస్తుందనీ. దెయ్యం ఉన్నచోట వెనక్కి తిరిగి చూడకూడదంటారు కదా, మరి అద్దంలో చూసినా వెనక్కి చూసినట్టే కదా అని ఎవడో బుర్రగల డ్రైవరు తేల్చాడు. ఇహ అప్పటి నుంచీ ఆచారమైపోయింది. బ్యారన్లు రాగానే పక్క అద్దం లోపలికి తిప్పేయడం, లోపలి అద్దం మీద తువ్వాలు కప్పేయడం, వాగు మీది వంతెన దాటాక తీయడం. చెట్టుకీ వంతెనకీ మధ్య రెండు కిలోమీటర్లు. రెండు కిలోమీటర్లూ వెనక ఏముందో చూసుకోకుండా పోవడమన్నమాట. ఆ రెండు కిలోమీటర్లలో వెనక నుంచి గుద్దించుకోని నెల ఉండేది కాదు, గుద్దుకున్నప్పుడల్లా పుల్లమ్మ పట్టుకుందనేవాళ్ళు, ఇంకొంతమంది ఇంకొన్ని తువ్వాళ్ళు కొనుక్కునేవాళ్ళు.

మీ చిన్నతాత చెంచయ్యకి తెల్ల అంబాసిడర్ టాక్సీ ఉండేది, మన ఊరికంతా అదొక్కటే. మీ తాతయ్యకి ఒంగోల్లో ఆపరేషన్ అయింది, పెద్దదేం కాదు, వరిబీజం. వారం ఉంచుకుని పంపించారు. కుట్లు లాగుతున్నాయంటే వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు. అప్పుడు మధ్యాహ్నం నాలుగయింది. వారం రోజులు పాలూ బ్రెడ్డూ పెట్టి చంపారనీ, ఇంటికెళ్ళగానే పప్పుచారు కాచమనీ, అందులో ములక్కాడలు వెయ్యమనీ, ఎన్ని వెయ్యాలో కూడా చెప్తున్నారు. ఆ వైపు నుంచి వస్తే ముందు వంతెన వస్తుంది, తర్వాత చెట్టు. వంతెన మీదే చెంచయ్య భుజం మీది తువ్వాలు తీసి అద్దానికి కప్పాడు.

బళ్ళో పిల్లలకి దెయ్యాల్లేవని చెప్పేదాన్ని కదా, ఊరుకుంటానా, వెనక్కి తిరిగి చూశాను. లారీ. ఎంత దగ్గరంటే డ్రైవరు మీసం కనపడుతోంది. ఆ లారీకీ మన కారుకీ మధ్య, ఆ కాస్త సందులో, పుల్లమ్మ ఉంది. తరమడం లేదు. మన వైపు వీపు పెట్టి, రెండు చేతులూ లారీ ముందు రేకుకి ఆనించి, మడమలు తన్నిపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతోంది, బెదిరిన ఎద్దుని నిలబెట్టే మనిషిలాగా. చీర రంగేమిటని అడక్కండి, గుర్తులేదు.

నేను అరవలేదు. "చెంచయ్యా, తువ్వాలు తీసి వెనక చూడు, లారీ మీదికొస్తోంది" అన్నాను.

"చూశావా వదినా? చూడొద్దని చెప్పానే. ముందుకు తిరుగు" అన్నాడు, అని జోరు పెంచాడు.

ఇక్కడ ఒక ప్రశ్న. వెనకవాడు అంటుకుని వస్తున్నాడు, మనం జోరు పెంచాం, వాడేం చేస్తాడు? వాడూ పెంచుతాడు. సందు అంతే ఉంటుంది, దెబ్బ మాత్రం పెద్దదవుతుంది. చెట్టు దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా గొర్రెల మంద. చెంచయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. గొర్రెల్లో ఒక్కదానికి కూడా గీత పడలేదు, వెనక లారీ మాత్రం ఆగలేక మన కారుని గుద్దింది.

మీ తాతయ్య నా ఒళ్ళోనే పోయారు. ములక్కాడల లెక్క సగంలో ఉంది. నాకు ఏడుపు రాలేదు, ఆయన చెప్పు ఒకటి కనపడకపోతే దాన్ని వెతుకుతూ ఉన్నాను. నా మెడ అప్పుడే పట్టేసింది, అందుకే ఎవరు పిలిచినా మనిషినంతా తిప్పుతాను.

పరామర్శకి వచ్చినవాళ్ళు గుమ్మం దిగుతూనే చెప్పుకున్నారు, టీచరమ్మ వెనక్కి చూసిందంట అని. పదకొండో రోజు అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా చెంచయ్య అన్నాడు, "నువ్వు చూడకపోయుంటే అన్నయ్య ఉండేవాడు వదినా" అని. నేను పప్పు వడ్డిస్తున్నాను, వడ్డించడం అయ్యాక లోపలికెళ్ళాను. సెలవు అయిపోగానే బడికెళ్ళి నాలుగో తరగతికి భాగహారం చెప్పాను. చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. ఏడాది అలాగే గడిచింది.

ఆ ఏడాదీ చెంచయ్య మన గడప తొక్కలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, ఏమీ అడగడు, పోడు. నేనే అడిగితే, భార్య రమణకి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, ఒంగోలు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది అన్నాడు. చీర మార్చుకుని వెళ్ళాను. రమణా వాళ్ళమ్మా వెనక సీట్లో, నేను ముందు. అదే కారు, వెనక రేకు కొత్తది వేయించాడు.

బ్యారన్లు వచ్చాయి. చెంచయ్య చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. నేను పట్టుకోలేదు. "కప్పుకో. కానీ వెనక సీట్లో ఎవరున్నారో ఒకసారి చూసి కప్పుకో" అన్నాను.

అద్దంలోకి చూశాడు. ముందు రమణ ముఖం కనపడుంటుంది, దాని వెనకాల గాజు నిండా ఒక బస్సు ముఖం. తువ్వాలు ఒళ్ళో పడింది. అతని కాలు బ్రేకు మీదికి పోతుంటే నేను బళ్ళో చెప్పినట్టే చెప్పాను, బ్రేకు తొక్కకు, జోరూ పెంచకు, కాలు మెల్లగా వదులు. ముందున్న వ్యాను మైలురాయి దాటగానే రామా, కృష్ణా, గోవిందా అని నిదానంగా అనుకో, మూడూ అయ్యాకే మనం ఆ రాయి దగ్గరికి రావాలి. ముందు అంత చోటుంటే నువ్వు ఎప్పుడూ గబుక్కున ఆగక్కర్లేదు, నువ్వు గబుక్కున ఆగకపోతే వెనకవాడు నిన్ను గుద్దడు. ఎనభైలో పోతుంటే ఒక్క పేరు అనేలోపు మన బడి వరండా పొడవంతా దాటేస్తాం, ఇది నేను లెక్కకట్టి చెప్తున్నది, మీరూ కట్టుకోండి. ఇప్పుడు లైటు వేసి ఎడమకి జరుగు, వాడి తొందర వాడిది, పోనీ అన్నాను.

బస్సు పక్క నుంచి పోయింది. కండక్టరు తల బయటపెట్టి, కారు నడుపుతున్నావా పల్లకీ మోస్తున్నావా అని అడిగాడు. రమణ అన్ని నొప్పుల్లోనూ వాడికి జవాబు చెప్పింది, అది మీ ముందు చెప్పేది కాదు.

అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. చెట్టు దగ్గర పుల్లమ్మ నిలబడి ఉంది, చేతులు రెండూ కిందికి వదిలేసి. మా వెంట రాలేదు, చిన్నదైపోతూ అక్కడే ఉండిపోయింది. చెంచయ్య చూశాడు. వంతెన దాటాక అడిగాడు.

"వదినా, ఆ రోజు కూడా ఉందా?"

"ఉంది."

"ఏం చేస్తా ఉంది?"

"లారీని ఆపుతా ఉంది."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. రోడ్డు చూడు అన్నాను. ఆ రోజు పుట్టిందే మీ భ్రమర అత్త. చెంచయ్య పదకొండో రోజు అన్న ఆ మాట వెనక్కి తీసుకుంటానని ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఒంగోలు టాక్సీ స్టాండులో మాత్రం చెప్పాడంట, అద్దాలు మూయకండిరా, ఆమె తరమడం లేదు అని. పెళ్ళాం కాన్పు భయంలో కళ్ళు చెదిరాయని నవ్వారంట. ఇప్పటికీ కప్పుకునేవాళ్ళు కప్పుకుంటూనే ఉన్నారు.

కాబట్టి యామినీ, ఆ చెట్టు వైపు పోవద్దు. కాలవగట్టు మీదుగా రోడ్డుంది, ముప్పావుగంట ఎక్కువ పడుతుంది, పట్టనీ. పుల్లమ్మ నిన్నేమీ చెయ్యదు. నీ ముందు పోయేవాడు అద్దం మూసుకున్నాడో లేదో నీకు తెలీదు, నీ వెనక వచ్చేవాడికి ఎంత తొందరో తెలీదు. మధ్యలో ఆమె ఒక్కతే. ఆపడం ఆమె వల్ల కాదు, నేను చూశాను.