రంగు పట్టింది

అమ్మ అండాశయంలోంచి తీసిన గడ్డ రిపోర్టు వచ్చింది. డాక్టరు కూతురినొక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడాడు. ఆమె బయటికొచ్చి, వరండా బెంచీ మీద కూర్చున్న అమ్మ పక్కన కూలబడింది.

“ఏమన్నాడు?”

“గడ్డ కణాల పైన ఒక గుర్తు ఉంటాదంట మా. అది ఉండాదా లేదా అని రంగేసి చూసినారు.”

“రంగా? గుడ్డకేసినట్టా?”

“అట్లే అనుకో. గుర్తు ఉంటే రంగు పట్టుకుంటాది.”

“పట్టుకునిందా?”

కూతురు రిపోర్టును నాలుగు మడతలు పెట్టింది. గుర్తు ఇంత బలంగా ఉన్నవాళ్ళకు కీమో తర్వాత కూడా జబ్బు తిరగబెట్టడమే ఎక్కువని డాక్టరు అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

“పట్టుకునింది. స్ట్రాంగ్ పాజిటివ్ అని రాసినారు. మంచిదే మా.”

“గట్టిగా పట్టుకునిందంటావు.”

“ఆఁ, రొంబ గట్టిగా. ఇంక కీమో ఇస్తే అంతా పోతాది.”

“చూలై పేటలో మీ నాయనా నేనూ ఇన్నేళ్ళు చీరలకు రంగులేసినామే. గట్టిగా పట్టిన రంగు ఎన్నిసార్లు ఉతికినా పోయిందా?”

కూతురు కళ్ళు తుడుచుకుంది. అమ్మ ఆమె చేతిలోని మడతను తీసుకుని తన సంచిలో అడుక్కి తోసింది.

“ఏడవబాక. ఇంటికి పోతానే మీ నాయన అడుగుతాడు. గట్టిగా పట్టింది, మంచిదే అంటే నమ్మడు. ఆయనా రంగులేసినోడే గదా.”

“మరేం చెప్పేది మా?”

“రంగు పట్టలేదని చెప్పు.”